గారపళ్ల ఊళ్లలో పన్ను పీకడం ఒక్కటే వైద్యమా?

సంపాదకుల వారికి,

అయ్యా,

కనిగిరి, పామూరు, పొదిలి, దర్శి ప్రాంతాల ఫ్లోరైడ్ నీటి గురించి మీ పత్రిక జిల్లా పేజీల్లో ఏళ్ల తరబడి వార్తలు వస్తూనే ఉన్నాయి. వంగిపోయిన నడుములు, బిగుసుకుపోయిన కీళ్లు, ట్యాంకర్ల దగ్గర బిందెల బారులు, వీటి గురించి రాయవలసిందే, ఇంకా రాయవలసిందే. అయితే ఆ నీళ్లు తాగి పెరిగినవారి పళ్లు ఏమవుతున్నాయి, పాడైన పంటిని ఎవరు బాగుచేస్తున్నారు, ఊడిన పంటి చోట ఎవరు ఏమి పెడుతున్నారు అన్న సంగతి మాత్రం ఎవరి లెక్కలోకీ రావడం లేదు. కనిగిరి దగ్గరి పల్లెలో పుట్టి, ముప్పై ఒక్క సంవత్సరాలు ఆ చుట్టుపక్కల ఉన్నత పాఠశాలల్లో పాఠాలు చెప్పి, ఇప్పుడు ఒంగోలులో ఉంటున్న నేను ఈ ఒక్క విషయాన్ని కాస్త వివరంగా మీ పాఠకుల ముందు ఉంచదలిచాను.

నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లనూ ఎముకలనూ పాడుచేసే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో దాన్ని తొలిసారి గుర్తించి వైద్య పత్రికలో ప్రకటించినది 1937లో, అదీ అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు అప్పుడు ఆ జిల్లాలోనివే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు వాటిని ఇటు కలిపారు, 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు వచ్చింది. ఫ్లోరోసిస్ నివారణకు కేంద్ర ప్రభుత్వం 2008-09లో జాతీయ కార్యక్రమాన్ని మొదలుపెట్టినప్పుడు ఎంపిక చేసిన తొలి కొద్ది జిల్లాల్లో నెల్లూరు ఒకటి. అంటే జబ్బు పేరు తెలిసి తొంభై ఏళ్లు కావస్తోంది.

పంటి మీది గట్టి పింగాణీ పొర పన్ను బయటికి రాకముందే, దవడ ఎముకలో ఉండగానే తయారవుతుంది. ముందరి శాశ్వత దంతాలతో సహా చాలా పళ్లకు ఆ పని దాదాపు ఎనిమిదేళ్ల వయసులోపే ముగిసిపోతుంది. ఆ వయసులో తాగిన నీటిలో ఫ్లోరైడ్ హెచ్చుగా ఉంటే పింగాణీ గట్టిపడక లోపల గుల్లగా మిగిలిపోతుంది. మొదట సుద్దలాంటి తెల్లని చారలు, తర్వాత వాటిలోకి రంగు దిగి గోధుమ రంగు మరకలు, తీవ్రమైతే గుంటలు, పెచ్చులు. గార అని నేనంటున్నది దీన్నే. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీటి వనరు లేనిచోట 1.5 వరకు సరిపెట్టుకోవచ్చునని మన దేశ ప్రమాణం చెబుతోంది. కావలి నుంచి మా ఊరికి కోడలిగా వచ్చిన స్త్రీ అవే బోరు నీళ్లు ముప్పై ఏళ్లు తాగినా ఆమె పళ్లకు గార పట్టదు, కీళ్లు మాత్రం పట్టేయవచ్చు. ఆమె కన్న బిడ్డల పళ్లకు గార తప్పదు. తోముకోకపోవడం వల్ల వచ్చిన మురికి కాదది. ఈ ఒక్క ముక్క తెలియక మా ఊళ్లలో తల్లులు పిల్లల పళ్లను ఇటుక పొడితో, బొగ్గుతో, బూడిదతో రుద్దించి, ఉన్న కాస్త పింగాణీని కూడా అరగదీస్తున్నారు. తరగతిలో నవ్వు వచ్చినప్పుడల్లా చున్నీ నోటికి అడ్డం పెట్టుకునే ఆడపిల్లలను నేను ఏటా చూశాను. బాగా చదివే పిల్ల, ప్రార్థన సమావేశంలో ప్రతిజ్ఞ చదవమంటే వణికిపోయేది. పాఠం రాక కాదు, పళ్లు కనబడతాయని.

ఆ పిల్లలకు చెప్పవలసిన మంచి మాట ఏమిటంటే, గారపళ్లకు వైద్యం ఉంది, అది చిన్నదానితో మొదలవుతుంది. మరకలు పైపైన ఉంటే వైద్యుడు ఆమ్లం కలిపిన మెత్తని పొడితో పై పొరను వెంట్రుకవాసి మందాన జాగ్రత్తగా అరగదీసి మరకను తీస్తారు. వైద్యుని చేతిలో కొలతగా జరిగే ఈ పనికీ ఇంట్లో ఇటుక పొడికీ పోలిక లేదు. అంతకు మించిన మరకలకు, చిన్న గుంటలకు పంటి రంగులోనే ఉండే కాంపోజిట్ పూత ఉంది. గారపంటి పై పొర ఆమ్లానికి త్వరగా లొంగదు గనుక పూత బాగా అంటుకోవడానికి మామూలు పంటికంటే ఎక్కువసేపు సిద్ధం చేయవలసి ఉంటుంది. తెలియనివారు తొందరపడి వేసిన పూత కొన్నాళ్లకే ఊడిపోతుంది. తీవ్రంగా పాడైన పంటికి ముందువైపు పలుచని పింగాణీ రేకు అతికిస్తారు, లేదా పన్నంతా కప్పే క్యాపు తొడుగుతారు. అయితే క్యాపు కోసం పంటిని చుట్టూ చెక్కవలసి వస్తుంది, చెక్కిన పన్ను తిరిగి పెరగదు. పదహారేళ్ల పిల్లకు, పెళ్లిచూపులు దగ్గరపడ్డాయన్న ఆత్రంతో, బలంగా ఉన్న ఆరు ముందరి పళ్లను చెక్కించి క్యాపులు వేయించిన తల్లిదండ్రులను చూసి నా మనసు చాలా బాధపడింది. ఆ పిల్లకు పూతతో సరిపోయేదని తర్వాత చూసిన వైద్యురాలు చెప్పారు.

గార లేని పన్ను కూడా పుచ్చుతుంది. పుచ్చు చిన్నగా ఉన్నప్పుడు శుభ్రం చేసి సిమెంటు నింపితే ఒక్క పూటలో తేలిపోయే పని, నొప్పి లేదు కదా అని వదిలేసినందువల్ల లోపలి గుజ్జు దాకా పాకుతుంది. అప్పుడిక రూట్ కెనాల్ చేయాలి: చీము పట్టిన గుజ్జును తీసి, వేళ్లలోని సన్నని కాలువలను కడిగి, మూసివేయాలి. ఇక్కడ మావాళ్లు చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. రూట్ కెనాల్ అయ్యాక నొప్పి పోయిందని క్యాపు వేయించుకోవడానికి మళ్లీ పోరు. అప్పటికే పుచ్చు తిన్న పన్ను లోపలికంటా తెరవడంతో ఇంకా బలహీనమై ఉంటుంది, దవడ పన్నయితే నమిలే బరువంతా దాని మీదే పడుతుంది. ఒకరోజు జొన్నరొట్టె తింటుండగానో వేరుశనగలు నములుతుండగానో నిలువునా చీలుతుంది. అలా చీలిన పంటిని పీకడం తప్ప దారి లేదు. పెట్టిన డబ్బూ పోయె, పన్నూ పోయె.

పీకించుకున్న తర్వాత ఖాళీని ఖాళీగానే వదిలేసేవారు కొందరు. పక్క పళ్లు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి, ఎదుటి పన్ను కిందికో పైకో జరుగుతుంది, ఆ చోట దవడ ఎముక క్రమంగా కరిగిపోతుంది. పై పన్ను పీకితే కంటిచూపు పోతుందన్న భయంతో కుళ్లిన పంటిని ఏళ్ల తరబడి మోసేవారు మరికొందరు. పై పంటికీ కంటి నరానికీ సంబంధం లేదని పెద్దలకు మళ్లీ మళ్లీ చెప్పవలసిందే.

ఖాళీని తప్పుడు మార్గంలో నింపించుకున్నవాళ్లలో నేనొకణ్ణి. ఉద్యోగంలో చేరిన కొత్తలో సైకిలు మీదినుంచి పడి నా ముందరి పన్ను ఒకటి విరిగింది. ఒక పట్టణంలో బజారు వీధిలో, ఏ పట్టా లేని వ్యక్తి రెండు గంటల్లో పన్ను కట్టి పంపించాడు. అప్పటికప్పుడు గట్టిపడే అక్రిలిక్ ముద్దతో, సన్నని తీగెతో ఆ కట్టుడు పన్నును పక్క పళ్లకు కదలకుండా బిగించేశాడు. తీసి కడగడానికి వీలు లేదు. ఏడాదికల్లా దాని కింద చిగురు వాచి నెత్తురు కారడం, నోరు వాసన వేయడం మొదలయ్యాయి. సిగ్గుకొద్దీ ఎవరికీ చూపించలేదు. చివరికి చదువుకున్న దంతవైద్యుని దగ్గరికి వెళ్లేసరికి రెండువైపులా ఉన్న మంచి పళ్లు కదిలిపోయాయి. ఒక పన్ను పోయిన చోట మూడు పోయాయి. చట్టం ప్రకారం నమోదు లేనివారు పళ్ల వైద్యం చేయడం నేరం, అయినా మన ఊళ్లలో ఇది ఆగలేదు. వాళ్ల దగ్గరికి వెళ్లేవారిని నేను తప్పుపట్టను. కూలికి పోయే మనిషి, అందుబాటులో ఉన్న చోటుకు, చేతిలో ఉన్న డబ్బుకు తగ్గట్టు పోతాడు.

సరైన దారులు మూడున్నాయి. తీసి పెట్టుకునే కట్టుడు పన్ను అన్నిటికన్నా చవక, ప్రతి రాత్రీ తీసి కడుక్కోవచ్చు. పక్క పళ్లకు ఆన్చి ఖాళీలో పన్ను నిలిపే బ్రిడ్జి కదలకుండా ఉంటుంది గాని, దాన్ని నిలబెట్టడానికి ఇరుపక్కల పళ్లను చెక్కాలి. ఇంప్లాంటు అంటే దవడ ఎముకలో టైటానియం మర దించి, ఎముక దాన్ని పట్టుకునేదాకా సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు ఆగి, దాని మీద పన్ను నిలపడం. 1965లో స్వీడన్‌లో తొలిసారి మనిషికి అమర్చిన ఈ పద్ధతి పక్క పళ్ల జోలికి పోదు. కానీ ఖర్చు కూలి కుటుంబానికి నెలల సంపాదన. అదుపులో లేని చక్కెర జబ్బు, పొగాకు అలవాటు ఉన్నవారికి అది విఫలమయ్యే అవకాశం ఎక్కువ. కొండపి, టంగుటూరు వైపు పొగాకు బేళ్ల మధ్య బతికే మన జిల్లాలో ఈ మాట గట్టిగా చెప్పాలి.

మా అమ్మ సంగతి చెప్పాలి. అరవై ఎనిమిదో ఏటికి ఆమె నోట్లో ఒక్క పన్నూ మిగల్లేదు. జొన్నరొట్టె, వేరుశనగలు, చెరకు, మాంసం అన్నీ ఒక్కొక్కటే మానేసి, చారన్నంతో కాలం వెళ్లబుచ్చుతూ బక్కచిక్కిపోయింది. 'ఈ వయసులో నాకు సోకులెందుకు నాయనా' అని కట్టుడు పళ్లకు ఒప్పుకోలేదు. తినడానికమ్మా, సోకుకు కాదు అని నచ్చజెప్పి దంతవైద్య కళాశాల ఆస్పత్రికి తీసుకుపోయాను. సెట్టు, అంటే నోటినిండా కట్టుడు పళ్ల వరుసలు, ఒక్కరోజులో అయ్యేది కాదు: చిగుళ్ల అచ్చు తీయడం, మైనపు దిమ్మెలతో పై దవడ కింది దవడ కలిసే ఎత్తు చూడడం, మైనంలో పళ్లు పేర్చి నోట్లో పెట్టి చూడడం, ఆ తర్వాత అసలు సెట్టు. అయిదుసార్లు తిరిగాం. పై సెట్టు అంగిలికి అతుక్కుని నిలిచింది. కింది సెట్టుకు ఆనుకునే చోటు తక్కువ, నాలుక కదిలినప్పుడల్లా లేచేది. చిగురు ఒరుసుకుని పుండు పడితే అమ్మ దాన్ని పెట్టెలో దాచేసింది. చాలా ఇళ్లలో కట్టుడు పళ్ల కథ అక్కడే ముగుస్తుంది. మళ్లీ తీసుకువెళితే ఒరుసుకునే చోటు కాస్త అరగదీసి ఇచ్చారు. మొదట మెత్తని తిండి, రెండువైపులా సమంగా నమలడం, రాత్రి తీసి చన్నీళ్లలో ఉంచడం, మరిగే నీళ్లు పోయకపోవడం నేర్పారు. రెండు నెలలకు ఆమె రొట్టె తుంచుకుని తింది. ఆ పూట మా ఇంట్లో అందరం తినడం ఆపి ఆమెనే చూశాం.

నేను వెళ్లి చూసిన ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో దంతవైద్యులు ఉన్నారు, కుర్చీ ఉంది. నింపడానికి సిమెంటు లేదు, సెట్టు తయారుచేసే సాంకేతిక నిపుణుడు లేడు. కాబట్టి వచ్చినవారికి మాత్రలు రాసివ్వడం, పన్ను పీకడం. ఆ వైద్యుని ముఖంలో నాకంటే ఎక్కువ బాధ కనిపించింది. జాతీయ దంత ఆరోగ్య కార్యక్రమం 2014-15 నుంచి ఉంది, బడి పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పట్టికలో దంత సమస్యలు ఉన్నాయి. పరీక్షించి చీటీలో రాసిన తర్వాత ఆ బిడ్డను బాగుచేసే చోటు దగ్గరలో ఉండాలి కదా? మిషను గానీ కరెంటు గానీ లేకుండా, చేతి పనిముట్లతో పుచ్చును గీకి గ్లాస్ అయనోమర్ సిమెంటు నింపే పద్ధతి ఉంది. అది పాఠశాల వరండాలో బల్ల మీద పడుకోబెట్టి కూడా చేయగలిగినది. ఫ్లోరైడ్ మండలాల బడుల్లో ఏడాదికి రెండుసార్లు దాన్ని చేయించాలని, పడమటి మండలాల ప్రజలకు అందేటట్టు ఏదో ఒక ప్రాంతీయ ఆస్పత్రిలో పూతలకు, రూట్ కెనాల్‌కు, సెట్లకు కావలసిన సామగ్రినీ ఒక సాంకేతిక నిపుణుణ్ణీ ఇవ్వాలని, అరవై దాటిన పేదలకు సెట్టు ఉచితంగా కట్టించాలని జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారులను మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను.

మీకు కూడా ఒక విన్నపం. మన జిల్లాలో ఏ ప్రభుత్వ ఆస్పత్రిలో దంతవైద్యులు ఏయే రోజుల్లో ఉంటారో, అక్కడ పీకడం కాక ఇంకేమి చేస్తారో, కట్టుడు పళ్ల సౌకర్యం ఎక్కడుందో మండలాలవారీగా ఒక్కసారి జిల్లా పేజీలో ప్రచురించండి. ఆ కాగితాన్ని కత్తిరించి మా ఊరి బడి గోడకూ, పాలకేంద్రం గోడకూ నేనే వెళ్లి అంటిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఒంగోలు.