మైదానం ఏ గంటకు ఎవరిదో గేటు మీద రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

హైదరాబాద్ బస్తీల్లో మిగిలిన కొద్దిపాటి మున్సిపల్ మైదానాల్లో సాయంత్రం నాలుగు దాటితే తగువులే. ఒకవైపు ఫీజు కట్టి వచ్చే క్రికెట్ అకాడమీ పిల్లలు, మరోవైపు పక్క సర్కారు బడి నుంచి వచ్చే ఖోఖో, కబడ్డీ, వాలీబాల్ పిల్లలు. అకాడమీలను వెళ్లగొట్టాలని కొందరు గట్టిగా అంటున్నారు. నేను ఒప్పుకోను. రోలర్, నీళ్లు, కాపలా ఖర్చు చాలాచోట్ల వాళ్లే భరిస్తున్నారు. వాళ్లు పోతే ఆ జాగా పిల్లలకు కాదు, పార్కింగ్‌కు దక్కుతుంది.

అసలు చిక్కు వేళ దగ్గర వస్తోంది. బడి వదిలాక వెలుతురు ఉండేదే రెండు గంటలు, చలికాలంలో ఇంకా తక్కువ. ఆ సమయంలో నడిమైదానంలో లెదర్ బంతితో మ్యాచ్ ప్రాక్టీస్ పెడితే ఇంకెవరూ లోపల అడుగుపెట్టలేరు. సుమారు 160 గ్రాముల గట్టి బంతి అది. అదే నెట్స్ (వలల మధ్య బ్యాటింగ్ సాధన) అయితే బౌలర్ పరుగుతో కలిపి 40 మీటర్ల పొడవు, ఒక్కో నెట్‌కు నాలుగు మీటర్ల వెడల్పు చాలు. గోడవారగా మూడు నెట్లు వేసి, పైన కూడా వల కప్పితే, ఎకరం స్థలంలో చుట్టూ 3 మీటర్ల ఖాళీతో 18×9 మీటర్ల వాలీబాల్ కోర్టు, 13×10 మీటర్ల కబడ్డీ కోర్టు, ఖోఖోకు చోటు అన్నీ పడతాయి. మ్యాచ్ ప్రాక్టీస్ తెల్లవారుజామున పెట్టుకోవచ్చు. ఏ రోజు, ఏ గంట, ఎవరిది, అద్దె ఎంత, ఒప్పందం ఎప్పటిదాకా అన్నది గేటు దగ్గర బోర్డు మీద రాయాలి. నోటిమాట ఒప్పందాల వల్లే ఇన్ని గొడవలు.

సిమెంట్ పిచ్ మాత్రం నడుమ పోయనివ్వకూడదు. ఖోఖోలో డైవ్ కొట్టే పిల్లల మోచేతులు చెక్కుకుపోతాయి, ఫుట్‌బాల్ ఆట ఆగిపోతుంది. పైగా ఒప్పందం ముగిసినా ఆ 22 గజాలు అకాడమీ సొంతమన్నట్టు ఉండిపోతాయి. మట్టి పిచ్ మీద మ్యాట్ పరిచి, అంచులకు మేకులు కొట్టి, ఆట అయ్యాక చుట్టేసే పాత పద్ధతే మేలు. తీసేటప్పుడు మేకులు లెక్కపెట్టాలి. ఒక్కటి మట్టిలో మిగిలినా మర్నాడు వట్టికాళ్లతో కబడ్డీ ఆడే పిల్ల పాదంలో దిగుతుంది.

ఇక ఫీజు కట్టలేని పిల్లలకు అకాడమీలో ఇచ్చే ‘ఉచిత సీట్లు’. ఆ మాట ఒప్పందంలో రాయించుకుని అధికారులు చేతులు దులుపుకుంటారు. రెండు గంటల శిక్షణలో వార్మప్, ఫీల్డింగ్ పోను నెట్స్‌కు మిగిలేది 80 నిమిషాలు. నెట్‌కు 20 మంది ఉంటే తలా నాలుగు నిమిషాలు, అంటే పన్నెండు బంతులు. చీకటి పడితే చివరివాడికి ఆ పన్నెండూ ఉండవు, ఆ చివర నిలబడేది తరచుగా ఫీజు కట్టనివాడే. ప్యాడ్లు, హెల్మెట్, గార్డు లేనివాడు నెట్‌లోకి దిగనే లేడు, బౌలింగ్ చేస్తూ బంతులు ఏరుతూ పొద్దుపుచ్చుతాడు. కాబట్టి నెట్‌కు పదిమందికి మించకూడదని, బ్యాటింగ్ వరస రోజూ మారాలని, రెండు మూడు సైజుల హెల్మెట్లతో ఉమ్మడి కిట్ మైదానంలోనే ఉండాలని ఒప్పందంలో స్పష్టంగా రాయాలి.

మన నగరంలోని ఫస్ట్ లాన్సర్ బస్తీలో టెన్నిస్ బంతితో ఆడుతూ పెరిగిన భారత బౌలర్ మహ్మద్ సిరాజ్‌కు లీగ్ క్లబ్బులో చోటు దొరికాకే 2015లో రంజీ తలుపు తెరుచుకుంది. ఖాళీ మైదానం లేకపోతే ఆ బౌలర్ లేడు, క్లబ్బు లేకపోయినా లేడు.

మిగతా ఆటల్లో బాధ వేరు. పాఠశాల క్రీడల సమాఖ్య (ఎస్‌జీఎఫ్) అండర్-14, 17, 19 ఎంపికలకు పిల్లలు బడి తరఫునే వెళ్లాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే క్లబ్బులు ప్రైవేటు టోర్నమెంటు పెట్టి, ఇటు రాకపోతే జట్టులో చోటు ఉండదనడం పిల్లల్ని అడకత్తెరలో పోకచెక్కను చేయడమే. ఎంపికల తేదీలు రాగానే వ్యాయామ ఉపాధ్యాయుడు క్లబ్బుకు కాగితం మీద ఇవ్వాలి, ఆ రోజుల్లో క్లబ్బు సెలవివ్వాలి.

జీహెచ్ఎంసీ వేసవి శిబిరాలకు బస్తీ పిల్లలు ఎగబడి వస్తారు. జూన్‌లో బడులు తెరిచేసరికి కోచ్ ఉండడు. ఏడాది పొడవునా కనిపించేది అకాడమీ కోచే గనుక తల్లిదండ్రులు అప్పుచేసైనా అక్కడ చేరుస్తున్నారు. అకాడమీ కట్టే అద్దె, ఆదివారాల్లో కార్పొరేట్ జట్ల మ్యాచ్‌ల మీద వచ్చే డబ్బు రసీదుతో సహా ఆ మైదానం పేర వేరే ఖాతాలో పడాలి. ముందుగా అందులోంచి సాయంత్రం రెండు గంటలకు ఒక కబడ్డీ లేదా ఖోఖో కోచ్‌కు గౌరవవేతనం ఇవ్వాలి. వచ్చే వేసవి శిబిరం ముగిసేలోపే ఆ కోచ్ ఎవరో తేల్చి, జూన్ ఒకటి నుంచి పనిలో పెట్టాలని నగరపాలక అధికారులను కోరుతున్నాను.

– విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, సికింద్రాబాద్