బ్రాంచి ఎంచుకునే ముందే అర్హతల సంగతి చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంజినీరింగ్ సీట్లకు ఈఏపీసెట్ కౌన్సెలింగ్ దగ్గర పడిందంటే విజయవాడ బెంజి సర్కిల్ నుంచి గుంటూరు లాడ్జి సెంటర్ దాకా హోర్డింగుల మీద ఒకే లెక్క కనిపిస్తుంది: ఫలానా కాలేజీలో అత్యధిక ప్యాకేజీ ఇన్ని లక్షలు. అది ఒక్కరికే వచ్చిందా, పదిమందికి వచ్చిందా, అదే బ్రాంచిలో చేరిన మిగతా పిల్లలు ఐదేళ్ల తర్వాత ఏం చేస్తున్నారు అన్నది ఎక్కడా ఉండదు. పిల్లల ముప్పై ఏళ్ల ఉద్యోగ జీవితం ఆ ఒక్క అంకె మీద ఆధారపడిపోతోంది. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన నేను ఇది చూస్తూ ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

కిందటేడు ఆప్షన్ల గడువు ముగిసే రోజు సాయంత్రం అరండల్‌పేటలో ఒక నెట్ సెంటర్‌కు వెళ్లాను. ర్యాంకు కార్డు జిరాక్సు పట్టుకుని ఒక తల్లి నిలబడి ఉంది. కొడుకు పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. కంప్యూటర్ ముందున్న కుర్రాడు ఒక కాలేజీ కోడ్ కొట్టి సీఎస్ఈ, దాని కింద సీఎస్ఎం (ఏఐ, మెషీన్ లెర్నింగ్), దాని కింద సీఎస్‌డీ (డేటా సైన్స్) పెడుతున్నాడు. తర్వాత ఇంకో కాలేజీ, మళ్లీ అవే మూడు. "చివర్లో సివిల్ కూడా పెట్టమంటారా అమ్మా?" అని అడిగాడు. "వద్దు నాయనా, దానికి ఉద్యోగాలు లేవట" అన్నదామె. ఎవరు చెప్పారో ఆమెకూ తెలిసినట్లు లేదు. స్టూలు మీద కూర్చున్న అబ్బాయిని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

కంప్యూటర్ సైన్స్ మీద నాకు ఏ వ్యతిరేకతా లేదు. ఇష్టపడి చదివేవారికి అది మంచి చదువే. అయితే ఒక బ్రాంచి నుంచి మరో రంగానికి వెళ్లే వీలు అందరికీ సమానంగా ఉండదన్న సంగతి తల్లిదండ్రులకు చెప్పేవారే లేరు. సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ చదివిన పిల్లలను పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు క్యాంపస్ ఎంపికల్లో తీసుకుంటూనే ఉన్నాయి. కంప్యూటర్ సైన్స్ పట్టాతో జలవనరుల శాఖలో అసిస్టెంట్ ఇంజినీరు పోస్టుకు వెళ్లడం కుదరదు. యూపీఎస్సీ ఇంజినీరింగ్ సర్వీసెస్ పరీక్ష సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ అండ్ టెలికమ్యూనికేషన్ విభాగాల్లోనే జరుగుతుంది. అందులో కంప్యూటర్ సైన్స్‌కు పేపరే లేదు. నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసి ప్రభుత్వ ఉద్యోగం వైపు చూసేవారికి ఎక్కువగా మిగిలేవి గ్రూప్స్, సివిల్స్, బ్యాంకు పరీక్షలే. వాటికి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది కాబట్టే పోటీ లక్షల్లో ఉంటుంది.

మన ప్రాంతంలో ఇలా జరగడం నాకు మరీ కష్టంగా ఉంది. కంకిపాడులో పుట్టిన డాక్టర్ కె.ఎల్.రావు సివిల్ ఇంజినీరు. నాగార్జునసాగర్ నిర్మాణంలో ఆయన పాత్ర అందరికీ తెలిసిందే. విజయవాడ ఆయనను మూడుసార్లు లోక్‌సభకు పంపింది. పులిచింతల ప్రాజెక్టుకు ఆయన పేరే పెట్టుకున్నాం. 2025 మే 2న ప్రధాని చేతుల మీదుగా అమరావతి పనులు మళ్లీ మొదలయ్యాయి. ఒక రాజధాని కట్టాలంటే రోడ్లు, వంతెనలు, వరద కాలువలు, తాగునీటి పైపులైన్లు, అన్నీ కావాలి. ఇంత పని కళ్లముందు ఉండగా చుట్టుపక్కల కాలేజీల్లో సివిల్ సీట్లు మిగిలిపోతున్నాయి. సివిల్‌లో మొదటి జీతం తక్కువన్నది, సైటులో ఎండకు నిలబడాలన్నది నిజమే. ఆ నిజంతో పాటు మిగతా నిజం కూడా చెబితే ఎంచుకునేది పిల్లలే ఎంచుకుంటారు.

ఇంజినీరింగ్ కన్నా ముందే, పదో తరగతి అవగానే, సగం నిర్ణయం జరిగిపోతోంది. పిల్లవాడికి పదిహేనేళ్లు నిండగానే ఎంపీసీయా బైపీసీయా అని తేల్చేస్తారు. హెచ్ఈసీ, సీఈసీ అన్న మాట చాలా ఇళ్లలో వినిపించదు. సీఏ ఫౌండేషన్‌కు ఇంటర్ ఏ గ్రూపైనా చాలు, న్యాయవిద్యకూ అంతే. ఆర్కిటెక్టు కావడానికి బీఆర్క్ చదవాలంటే మాత్రం ఇంటర్‌లో లెక్కలు ఉండాలి. ఆ చదువు చెప్పే స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ విజయవాడలోనే ఉంది. నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్డీఏ) ద్వారా వైమానిక, నౌకాదళాలకు వెళ్లాలన్నా లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ తప్పనిసరి. వ్యవసాయాధికారి కావాలనుకునే పిల్లవాడికి బైపీసీ, ఆపైన లాంలో ఉన్న ఎన్జీ రంగా వర్సిటీ కాలేజీల్లో బీఎస్సీ అగ్రికల్చర్ ఒక దారి. ఇవన్నీ ఒక కాగితం మీద పట్టే విషయాలు. ఆ కాగితం ఏ హైస్కూలు గోడ మీదా నాకు కనిపించలేదు.

డిగ్రీలోనూ ఇదే పరిస్థితి. నా దగ్గర చదివిన ఒక అమ్మాయికి లెక్కల టీచరు కావాలని చిన్నప్పటి నుంచీ కోరిక. ఇంటికి దగ్గరలో ఉన్న కాలేజీలో సీటు వచ్చిందని లెక్కలు లేని కాంబినేషన్‌లో చేరింది. చేర్చుకున్న వారెవరూ ఆమెతో ఒక్క మాట చెప్పలేదు. స్కూల్ అసిస్టెంట్ (హైస్కూలు టీచరు) పోస్టుకు డిగ్రీలో ఆ సబ్జెక్టు, బీఈడీలో ఆ సబ్జెక్టు బోధించే మెథడాలజీ ఉండాలి. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ ప్రకటన వచ్చినప్పుడు తాను కలలుగన్న పోస్టుకు దరఖాస్తు పెట్టే అర్హతే ఆమెకు లేకపోయింది. తెలివికి లోటు లేని పిల్ల. 2023-24 నుంచి రాష్ట్రంలో డిగ్రీకి ఒకే మేజర్ (ప్రధాన సబ్జెక్టు) విధానం వచ్చాక చేరే రోజు తీసుకునే నిర్ణయం ఇంకా బరువెక్కింది.

ప్రభుత్వాన్ని నేను కోరేది ఖర్చుతో కూడుకున్నదేమీ కాదు. ప్రతి హెల్ప్‌లైన్ కేంద్రంలోనూ, ప్రతి ఉన్నత పాఠశాలలోనూ ఏ గ్రూపు, ఏ బ్రాంచి చదివితే ఏ పోస్టులకు అర్హత ఉంటుందో, వేటికి ఉండదో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి పెట్టించాలి. అడిగినవారికి విడమరచి చెప్పడానికి కౌన్సెలింగ్ రోజుల్లో ఒక అధ్యాపకుణ్ణి కూర్చోబెట్టాలి. అత్యధిక ప్యాకేజీ ప్రచారం చేసుకునే ప్రతి కాలేజీ బ్రాంచి వారీగా ఎంతమందికి ఉద్యోగం వచ్చిందో, మధ్యస్థంగా ఎంత జీతం అందుతోందో కూడా అదే హోర్డింగు మీద వేయాలన్న నిబంధన పెట్టాలి. 2024-25 నుంచి సాంకేతిక విద్యను పర్యవేక్షించే కేంద్ర మండలి ఏఐసీటీఈ మంచి పనితీరున్న కాలేజీలకు బ్రాంచి సీట్ల గరిష్ఠ పరిమితిని ఎత్తివేస్తూ, సివిల్, మెకానికల్ వంటి కోర్ బ్రాంచీలు కనీసం మూడు నడపాలని షరతు పెట్టింది. ఆ బ్రాంచీల్లో ల్యాబులు, అధ్యాపకులు నిజంగా ఉన్నారో లేదో అధికారులు వెళ్లి చూడాలి. కోర్ బ్రాంచిలో చేరిన విద్యార్థి అదనంగా 18 నుంచి 20 క్రెడిట్లు చదివి మరో విభాగంలో మైనర్ (అదనపు సబ్జెక్టు) డిగ్రీ తీసుకోవచ్చని ఏఐసీటీఈ నిబంధనల్లోనే ఉంది. సివిల్ చదువుతూ కంప్యూటర్ సైన్స్‌లో మైనర్ చేసే వీలుందన్న ఈ ఒక్క సంగతి ఆ నెట్ సెంటర్‌లో నిలబడ్డ తల్లికి తెలిస్తే ఆమె జవాబు వేరుగా ఉండేదేమో.

మీ పత్రిక విద్యా పేజీని గుంటూరు, విజయవాడ ప్రాంతాల్లో వేలమంది తల్లిదండ్రులు దాచుకుని మరీ చదువుతారు. ఈసారి ఆప్షన్ల నమోదు మొదలయ్యే ముందే అర్హతల పట్టికను ఒక పూర్తి పేజీలో అచ్చువేయండి. దాన్ని తయారు చేయడానికి నాలాంటి విశ్రాంత అధ్యాపకుల సాయం కావాలంటే ఉచితంగా చేసిపెట్టడానికి సిద్ధంగా ఉన్నాను.

– ఒక విశ్రాంత అధ్యాపకుడు,
బ్రాడీపేట, గుంటూరు