నీ అర్ధరాత్రికి నాకు సాయంత్రం

ప్రియమైన చెల్లికి,

ప్రభువు నామంలో శుభాలు.

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను బస్సులో ఉన్నాను. చుట్టూ జనం. నువ్వు ఏడుస్తుంటే ఏమనాలో తోచక "భయపడకు, దేవుడున్నాడు" అని రెండు ముక్కలు అనేసి పెట్టేశాను. దిగి నడుస్తుంటే సిగ్గేసింది. మాట నిజమే, కానీ నీ మొహం మీద తలుపేసినట్టు అన్నాను. అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో నీ గొంతు వింటే నాకూ ఏడుపొస్తుంది. రాస్తే చివరిదాకా చెప్పగలను.

ముందు నర్సుగా ఒక సంగతి చెప్పనీ. నీకు ఏడో నెల దాటింది కాబట్టి బిడ్డ కదలికలకి ఒక వరస ఏర్పడి ఉంటుంది, అది నీకే బాగా తెలుస్తుంది. కదలికలు తగ్గాయనిపించినా, ఆ వరస మారిందనిపించినా తెల్లారేదాకా ఆగకు. "నెలలు నిండేకొద్దీ బిడ్డ కదలడం తగ్గుతుందిలే" అని ఎవరన్నా నమ్మకు, అది నిజం కాదు. మరిదిగారిని లేపి ఆసుపత్రికి వెళ్ళు. అంతా బాగానే ఉందని పంపించేస్తే హాయిగా తిరిగి రండి. పదిసార్లు అలా జరిగినా మొహమాటపడక్కర్లేదు. దారిలో ప్రార్థన చేసుకోవచ్చు. ఆసుపత్రికి పరిగెత్తడం అవిశ్వాసమని బైబిల్లో నాకైతే ఎక్కడా కనబడలేదు.

ఇక అక్కగా. ప్రార్థన కూటంలో ఒకామె "విశ్వాసం ఉన్నవాళ్ళకి భయం ఎందుకొస్తుంది?" అందన్నావు. ఆమె మీద నాకు ఒళ్ళు మండింది. క్షమించాలని తర్వాత ప్రార్థన చేసుకున్నాలే, కోపం ఇంకా కొంచెం మిగిలే ఉంది. 56వ కీర్తన తియ్యి. ఫిలిష్తీయులు దావీదుని గాతులో పట్టుకున్నప్పటిదని పైనే రాసుంటుంది. ఆ కథ సమూయేలు మొదటి గ్రంథం 21వ అధ్యాయంలో ఉంది. గాతు అంటే ఫిలిష్తీయుల మహాయోధుడు గొల్యాతు ఊరు. ఆ గొల్యాతుని పడగొట్టినవాడే ఆ ఊళ్ళో రాజుకి హడలిపోయి, తలుపుల మీద గీతలు గీస్తూ, గడ్డం మీద చొంగ కార్చుకుంటూ పిచ్చివాడిలా నటించాడు. అలాంటి రోజుని తలుచుకుని రాసిన మాట ఇది: "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను." భయం పోయేదాకా ఆగి, మొహం కడుక్కుని, అప్పుడు దేవుడి దగ్గరికి వెళ్ళలేదు చూడు. వణుకుతూనే వెళ్ళాడు. అంతెందుకు, సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువే విభ్రాంతి పొందాడని మార్కు రాశాడు. అక్కడ కూడా విశ్వాసం తక్కువైందని ఆమె అంటుందా?

అయితే నిన్ను తినేస్తున్నది ఆమె మాట కాదని నాకు తెలుసు. ఫోన్ పెట్టేసేముందు మెల్లగా అన్నావే, "నేనేం తప్పు చేశానో అక్కా" అని. నిరుడు ఐదో నెలలో బిడ్డ పోయినప్పటినుంచి ఈ మాట నీలోనే దాచుకున్నావు. ఒక్కసారీ నాతో అనలేదు. ఈ బిడ్డని కూడా దేవుడు శిక్షగా తీసుకుపోతాడేమోనని కదా నీ భయం?

యోహాను మొదటి పత్రిక 4వ అధ్యాయం, 18వ వచనం నీకు కంఠతా వచ్చు. "ప్రేమలో భయముండదు" అని క్యాలెండర్ల మీద వేసేది ఆ మొదటి ముక్కే. తర్వాతి ముక్క చూడు: "పరిపూర్ణ ప్రేమ భయమును వెళ్లగొట్టును; భయము దండనతో కూడినది." ఆ ముందు వచనంలో యోహాను మాట్లాడుతున్నది తీర్పుదినం గురించి. అంటే ప్రేమ వెళ్ళగొట్టేది ఏ భయాన్నంటే, దేవుడు కర్ర పట్టుకుని మన వెనకాలే వస్తున్నాడనే భయం. అచ్చంగా నీది. చీకట్లో ఉలిక్కిపడటం, గుండె దడదడలాడటం ఒంటికి సంబంధించినవి, నిరుడు అంత జరిగాక ఈ ఒళ్ళు మాత్రం ఏం చేస్తుంది? వాటిని పాపాల పద్దులో రాసుకోకు.

"భయపడువాడు ప్రేమయందు పరిపూర్ణము చేయబడినవాడుకాడు" అన్న చివరి మాట నిన్ను గుచ్చుతుందని కూడా తెలుసు. ఒకప్పుడు నన్నూ గుచ్చింది. ఇక్కడికి వచ్చిన కొత్తలో, పక్కగదిలో అమ్మాయికి వినబడకూడదని కుళాయి తిప్పి ఏడ్చేదాన్ని, ఆ వచనం గుర్తొచ్చి ఇంకాస్త ఏడ్చేదాన్ని. చాలా రోజులకి గానీ "చేయబడినవాడు" అన్న మాట కంటికి ఆనలేదు. చేసేది ఆయన. ఆ పని ఇంకా నడుస్తోంది. పైన పదో వచనంలో యోహాను ముందే చెప్పాడు కదా, "మనము దేవుని ప్రేమించితిమని కాదు; తానే మనలను ప్రేమించి" అని. నీ ప్రేమ ఎంతుందో కొలుచుకుంటూ కూర్చుంటే రాత్రంతా సరిపోదు.

పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగిందీ నీ ప్రశ్నే: పాపం ఎవరిది, వీడిదా, కన్నవాళ్ళదా? ఇద్దరిదీ కాదన్నాడు ప్రభువు. నీ బిడ్డ విషయంలోనూ ఆ జవాబే పెట్టుకో. నిరుడు అలా ఎందుకు జరిగిందో నాకు తెలియదు. నీకు శిక్షగా మాత్రం కాదు. సిలువ మీద అంత భరించినవాడు బాకీ వసూలు చేసుకోడానికి నీ కడుపు దగ్గరికి రాడు.

ఈసారి ఏమీ కాదని దేవుడు నాకు చెప్పాడు అని రాయాలని చెయ్యి లాగుతోంది. రాయను. ఆయన నాకు అలా చెప్పలేదు. అలా చెప్పేవాళ్ళ దగ్గర నువ్వు కూడా కాస్త జాగ్రత్తగా ఉండు.

పోయిన వారం మా వార్డులో ఒక పెద్దామె ఉంది, పొద్దున్నే ఆపరేషన్. రాత్రంతా నిద్రపోలేదు. తెల్లవారుజామున నేను బీపీ చూస్తుంటే పట్టీ విప్పనివ్వకుండా నా మణికట్టు పట్టుకుంది. ఆపరేషన్ బాగా అవుతుందా అని అడుగుతుందనుకున్నాను, దానికి మా దగ్గర నేర్చుకున్న జవాబులుంటాయి. ఆమె అడిగింది వేరు: "నేను లేచేసరికి నువ్వుంటావా?" నా డ్యూటీ ఏడింటికి అయిపోతుంది. ఆ మాటే చెప్పాను. "పర్లేదు తల్లీ" అన్నట్టు చెయ్యి తట్టి వదిలేసింది. ఆమెకి బాగానే అయింది. కానీ నేను ఇవ్వలేకపోయిన ఆ మాట ఇంటిదాకా నాతోనే వచ్చింది.

ఆ రోజు పడుకునేముందు 23వ కీర్తన చదువుకుంటుంటే, చిన్నప్పటినుంచి అప్పజెప్పినదాంట్లో ఎప్పుడూ గమనించనిది కనబడింది. పచ్చికగల చోట్ల, శాంతికరమైన జలాల దగ్గర అంతా "ఆయన": ఆయన పరుండజేయుచున్నాడు, ఆయన సేదదీర్చుచున్నాడు. గాఢాంధకారపు లోయలో అడుగుపెట్టగానే పిలుపు మారిపోయింది. "నీవు నాకు తోడై యుందువు." వెలుతురులో ఆయన గురించి మాట్లాడుతున్నవాడు చీకట్లో ఆయనతోనే మాట్లాడుతున్నాడు. లోయ మాయమైపోలేదు, పక్కన మనిషి దొరికాడు. ఈ రాత్రి నీకు మెలకువ వస్తే పెద్ద ప్రార్థనలేవీ వద్దు. ఆ ఒక్క ముక్క "నీవు" దగ్గర మొదలుపెట్టి, కోపమైనా సరే, ఏడుపైనా సరే, ఆయనతోనే అను.

అమ్మకి ఈ ఉత్తరంలో మొదటి సగం మాత్రం చదివి వినిపించు, లేకపోతే నా కుళాయి సంగతి పట్టుకుని బెంగపడుతుంది. మరిదిగారికి మాత్రం కదలికల గురించి రాసిన పేరా తప్పకుండా చూపించు.

ఇంకొకటి. నీకు అర్ధరాత్రి అయ్యేసరికి నాకు సాయంత్రమే. నేను డ్యూటీకి బయల్దేరేది ఎనిమిదింటికి. అప్పటిదాకా ఫోన్ నా చేతిలోనే ఉంటుంది. ఈసారి బస్సులో ఉన్నా దిగిపోయి మాట్లాడతాను.

ప్రేమతో,
అక్క