తెడ్డుకి కాస్త నీడ ఇప్పించండి: పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలు.

నెలకోసారి, రెండో ఆదివారం పొద్దున్నే, విశాఖపట్నం పెద్దజాలరిపేట దగ్గర ఇసుకలో మేం పది పదిహేనుమందిమి చేరతాం. మాకు సంఘం పేరు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, బ్యానర్ లేదు. ఒకప్పుడు తెప్పల మీదా పడవల మీదా తెడ్డు వేసిన తాతలు నలుగురు, నేవీలో రిటైరైనవాళ్లు ఇద్దరు, హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో రోయింగ్ నేర్చుకున్న ఒక అమ్మాయి, యూనివర్సిటీలో చదివే కుర్రాళ్లు కొందరు, పోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన నేను. ఎవరింట్లో ఏది దొరికితే అది పట్టుకొస్తాం. పాత ఫొటో, విరిగిన తెడ్డు, కొబ్బరితాడు ముక్క. ఏమీ దొరకనివాళ్లు ఏదో ఒకటి గుర్తు చేసుకుని వస్తారు. టీ తాగుతూ ఎండెక్కేదాకా మాట్లాడుకుంటాం. వాళ్లందరి తరఫున మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

అడగదలచింది ముందే చెప్పేస్తాను. బీచ్ రోడ్డు వెంబడి ఎక్కడైనా ఒక షెడ్డు ఇప్పించండి. అందులో ఒక కుట్టు పడవ, అంటే మేకులు లేకుండా తాడుతో కుట్టే పడవ, కట్టించండి. కట్టడం తెలిసినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు కాబట్టి ఇంత తొందరపడుతున్నాను.

మీరు విశాఖ వచ్చినప్పుడల్లా ఆర్కే బీచ్‌లో కురుసురా సబ్‌మెరైన్ చూసే ఉంటారు. 1969లో నేవీలో చేరి, 2001లో సర్వీసు ముగించుకుని, 2002 నుంచి ఇసుక మీద మ్యూజియంగా ఉంది. దానికి ఎదురుగా టీయూ-142 విమానం 2017లో వచ్చింది. మా మనవలతో నేను రెండూ ఎన్నోసార్లు చూశాను, చూసిన ప్రతిసారీ గర్వంగానే ఉంటుంది. అదే బీచ్‌లో, అదే అలల మీద, కొన్ని వందల ఏళ్లు ఇంజను లేకుండా మనిషి భుజబలంతో నడిచిన పడవకి మాత్రం అక్కడ అడుగు చోటు లేదు.

ఈ ఊరి పోర్టు 1933లో మొదలైంది. అంతకుముందు ఓడ ఒడ్డుకి వచ్చేది కాదు, దూరంగా సముద్రంలోనే లంగరు వేసేది. మనుషులైనా, మూటలైనా, ఉత్తరాల సంచులైనా ఒడ్డుకీ ఓడకీ మధ్య పడవల్లోనే దాటాలి. ఇంగ్లీషువాళ్లు వాటిని మసూలా పడవలన్నారు. పలకలకి మేకులు కొట్టరు. అంచుల వెంబడి బెజ్జాలు వేసి, కొబ్బరితాడుతో బిగించి కుడతారు. లోపల పక్కటెముకల్లాంటి అడ్డకర్రలు కూడా ఉండవు. చూసేవాళ్లకి ఇదేం పడవ అనిపిస్తుంది. కానీ మన ఒడ్డున అల విరిగే చోటు దాటాలంటే అలాంటి పడవే కావాలి. అల ఎత్తి ఇసుక మీద కుదేస్తే మేకుల పడవ పగులుతుంది, కుట్టు పడవ వంగి మళ్లీ సర్దుకుంటుంది. వెనకాల తండేలు, అంటే పడవని నడిపించే పెద్ద, పొడుగాటి తెడ్డు పట్టుకుని నిలబడి, ఏ అలని వదిలెయ్యాలో, ఏ అల మీద ఎక్కాలో చూసి కేక వేస్తాడు. ఆ కేకతో అన్ని తెడ్లూ ఒక్కసారి పడాలి. ఒక్కటి ఆలస్యమైనా పడవ అడ్డం తిరుగుతుంది, అడ్డం తిరిగిందంటే బోల్తా.

మా తాత ఆ తెడ్డు వేసినవాడు. పోర్టు వచ్చాక ఓడలు నేరుగా గోదీకే, అంటే రేవు గట్టుకే, వచ్చేశాయి. పడవల మీద సరుకు దింపే పని పోయింది. తాత పెద్దవల లాగే పడవ మీదకి మారాడు, మా నాన్న పోర్టులో కళాసీగా చేరాడు, నేను అదే పోర్టులో కుర్చీలో కూర్చున్నాను. పోర్టు వల్ల మా కుటుంబం బాగుపడింది, కాదనను. ఆ పోర్టు రాకముందు ఈ ఊరి వ్యాపారమంతా ఎవరి భుజాల మీద నడిచిందో చెప్పే వస్తువు ఒక్కటైనా మిగలాలని కోరుకుంటున్నాను.

తెడ్డు చరిత్ర కోసం చేరే అలవాటు మేం కనిపెట్టింది కాదు. ఇంగ్లండులో థేమ్స్ ఒడ్డున హెన్లీ అనే ఊరుంది. 1839 నుంచి పడవ పందేలకి పేరుపడ్డ చోటు. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో మిస్టిక్ అనే పాత ఓడల ఊరుంది. ఈ రెండు చోట్లా రోయింగ్ చరిత్ర అంటే ప్రాణం పెట్టేవాళ్లు చేరి, పాత పడవల గురించీ పందేల గురించీ రోజంతా మాట్లాడుకున్న సభలు జరిగాయి. వాళ్లలో ప్రొఫెసర్లే కాదు, పాత ఆటగాళ్లు, పడవలు చేసేవాళ్లు, ఊరికే ఇష్టం ఉన్నవాళ్లు కూడా ఉంటారు. మా రోయింగ్ అమ్మాయి ఫోన్లో ఆ సంగతులు చూపిస్తే మా తాతలు తెగ సంబరపడ్డారు. "మనలాంటోళ్లు ఆడా ఉన్నారన్నమాట" అన్నాడు ఒకాయన.

ఆ కబుర్లలో మమ్మల్ని బాగా పట్టుకున్నవి రెండున్నాయి. లండన్‌లో థామస్ డాగెట్ అనే నటుడు 1715లో ఒక పందెం పెట్టాడు. అది దొరబాబులకి పెట్టింది కాదు. థేమ్స్ మీద జనాన్ని అటూ ఇటూ దాటించి పొట్టపోసుకునే పడవవాళ్లలో, పని నేర్చుకోవడం అప్పుడే పూర్తి చేసిన కుర్రాళ్లకి. లండన్ బ్రిడ్జి నుంచి చెల్సీ దాకా తెడ్డు వెయ్యాలి. గెలిచినవాడికి ఎర్రకోటు, చేతికి వెండి బిళ్ల. మూడు వందల ఏళ్లు దాటినా ఆ పందెం ఇంకా నడుస్తోంది.

రెండోది మనసుకి కష్టం కలిగించింది. ఆ హెన్లీ పందేల్లోనే, కూలి కోసం చేతులతో పని చేసేవాడు పోటీకి పనికిరాడని చాలాకాలం ఒక నిబంధన ఉండేది. 1920లో జాన్ కెల్లీ అనే అమెరికన్ పేరు ఇస్తే తీసుకోలేదు, ఆయన తాపీపని చేసినవాడన్నది అందుకు ఒక కారణం. అదే ఏడాది ఆయన ఆంట్‌వర్ప్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచాడు. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌కి వెళ్తూ హెన్లీలో ఆడదామనుకున్న ఆస్ట్రేలియా పోలీసుల జట్టునీ ఇలాగే కాదన్నారు. ఆ మరుసటి ఏడాది, 1937లో, ఆ మాట నిబంధనల్లోంచి తీసేశారు. తర్వాత 1947లో కెల్లీ కొడుకు అదే హెన్లీలో గెలిచాడు.

ఇదంతా మీకెందుకు రాస్తున్నానంటే, మన దేశంలోనూ తెడ్డు చరిత్ర అనగానే 1858 నాటి కలకత్తా రోయింగ్ క్లబ్బు, 1867 నాటి మద్రాస్ బోట్ క్లబ్బు గుర్తొస్తాయి. వాటి గౌరవం వాటిది. 2010లో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో బజ్‌రంగ్ లాల్ టాఖర్ రోయింగ్‌లో మనకి మొదటి బంగారం తెచ్చినప్పుడు నేనూ టీవీ ముందు చప్పట్లు కొట్టాను. విశాఖలో మాత్రం తెడ్డు చరిత్ర అంటే చాలావరకు పొట్టకూటి కోసం తెడ్డు వేసినవాళ్ల చరిత్రే. వాళ్ల పేర్లు ఏ బోర్డు మీదా లేవు. వాళ్లు కట్టిన పడవని కాపాడటం ఒక్కటే వాళ్లని తలుచుకోవడానికి మనకి మిగిలిన దారి.

మొన్న జరిగిన కలయికలో ఒకటి చూశాను, మీకు చెప్పాలి. ఎనభై దాటిన ఒక తాత తన తెడ్డు తెచ్చారు. పొడుగాటి కర్ర, చివర కోడిగుడ్డు ఆకారంలో చెక్క, తాడుతో కట్టి ఉంది. చెయ్యి పట్టుకునే చోట కర్ర అరిగి, నున్నగా, నల్లగా అద్దంలా మెరుస్తోంది. రోయింగ్ అమ్మాయి అక్కడ చెయ్యి వేసి చూసింది. వేళ్లు తమంతట తాము ఆ పల్లంలో కూర్చున్నాయి. "మా బోటులో కాక్స్ ఉంటాడు తాతా, ఒకటీ రెండూ అని లెక్క చెప్తాడు" అంది. "లెక్కతో ఊపిరి రాదమ్మా, పాటతో వస్తాది" అని ఆయన హైలెస్సా అందుకున్నారు. గొంతు వణికింది గానీ తాళం వణకలేదు. నేవీ ఆయన ఒకరు, వేలర్ అనే నేవీ తెడ్డు పడవల మీద పుల్లింగ్ పందేలు, అంటే తెడ్డు పందేలు, ఆడినాయన, కూర్చున్నచోటే ముందుకీ వెనక్కీ ఊగడం మొదలెట్టారు. ఇంకాసేపటికి అందరం ఊగుతున్నాం.

తర్వాత తాత రెండు మామిడి చెక్క ముక్కలు తీశారు. మధ్యలో ఎండుగడ్డీ కొబ్బరిపీచూ పెట్టి, తాడు బెజ్జంలోంచి తీసి, కాలి బొటనవేలితో తొక్కిపట్టి, అడ్డంగా ఒకటి, ఏటవాలుగా ఒకటి బిగించారు. కుర్రాళ్లు వీడియో తీశారు. ఇంటికెళ్లి చూసి కుట్టబోతే ముడి నిలవలేదట. మళ్లీ వచ్చి అడిగితే తాత అన్నారు: "సూస్తే రాదు బాబూ, సెయ్యెట్టాలి. తాడు ఎంత లాగాలో తాడే సెప్తాది." ఆయన ముందు కూర్చుని చెయ్యి పెట్టి నేర్చుకునే చోటు కావాలనే నేను షెడ్డు అడుగుతున్నది.

ఆలస్యం చేస్తే ఏమవుతుందో మాకు ఇప్పటికే తెలుసు. కొన్నేళ్ల కిందట ఊరి చివర సరుగుడు చెట్ల కింద ఒక పాత కుట్టు పడవ కనబడింది. సగం ఇసుకలో కూరుకుపోయింది, పలకలు మాత్రం గట్టిగానే ఉన్నాయి. దాన్ని తీసి ఎక్కడైనా భద్రం చెయ్యమని ఒక ఆఫీసుకి అర్జీ పెట్టాం. ఇది మా పరిధి కాదన్నారు, ఇంకో ఆఫీసుకి వెళ్లమన్నారు, అక్కడ ఫొటోలు అడిగారు, ఫొటోలు ఇచ్చాం. మూడోసారి తిరిగేసరికి ఆ పడవ అక్కడ లేదు. ఎవరో గొడ్డలితో నరికి వంటచెరకుకి పట్టుకెళ్లారు. పట్టుకెళ్లినవాళ్లని తప్పుపట్టను, వాళ్లకి అది ఎండిన కట్టె. నాకు దొరికింది జానెడు తాడు ముక్క. బీరువాలో పెట్టుకున్నాను.

తెప్పల సంగతీ అంతే. దుంగలు పక్కపక్కన పేర్చి తాళ్లతో కట్టి, సముద్రం నుంచి వచ్చాక తాళ్లు విప్పి దుంగల్ని ఎండలో ఆరబెట్టేవాళ్లు, నీరు పీల్చి బరువెక్కకుండా. ఇప్పుడు ఫైబర్ వచ్చింది, మోటారు వచ్చింది. వేటకెళ్లేవాడికి అది మేలే, ప్రాణానికి భద్రం, శ్రమ తక్కువ. మళ్లీ తెడ్డు వెయ్యమని ఏ కుర్రాడికీ నేను చెప్పను.

2025 మే నెలలో కార్వార్‌లో మన నేవీ ఐఎన్‌ఎస్‌వీ కౌండిన్య అనే ఓడని చేర్చుకుంది. అజంతా గుహల్లోని బొమ్మ చూసి, మేకులు లేకుండా కొబ్బరితాడుతో కుట్టిన తెరచాప ఓడ. కేరళ పనివాళ్లు కుట్టారు. ఆ వార్త మా తాతలకి చదివి వినిపించినప్పుడు కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకాయన, "మనల్ని ఎవులూ అడగలేదేటి?" అన్నారు. దేశానికి కుట్టు ఓడ కావాల్సి వస్తే గోడ మీద బొమ్మ చూసి కట్టుకోవాల్సి వచ్చింది. మన ఒడ్డు పడవకి అంత కష్టం అక్కర్లేదు, దాన్ని నడిపినవాళ్లు ఇంకా మన మధ్యే తిరుగుతున్నారు. ఈస్టర్న్ నేవల్ కమాండ్ ఉన్న ఊరిది. మీరొక మాట అంటే నేవీ కూడా చెయ్యి వేస్తుందని మా నమ్మకం.

కోట్ల రూపాయల మ్యూజియం కట్టమని అడగడం లేదు. హెన్లీలోనే 1998లో తెరిచిన నది, రోయింగ్ మ్యూజియం 2025లో మూతపడింది. పెద్ద భవనం ఉన్నంత మాత్రాన చరిత్ర నిలవదని అది చూసి తెలుసుకున్నాం. మాకు రేకుల షెడ్డు చాలు, నాలుగు వైపులా గాలి ఆడాలి, సముద్రం కనబడాలి. కలప, తాడు కొనడానికి డబ్బు, కుట్టే తాతలకి రోజుకింత గౌరవవేతనం, పక్కన కూర్చుని నేర్చుకునే కుర్రాళ్లకి స్టైపెండ్. పడవ పూర్తయ్యేదాకా వచ్చేపోయేవాళ్లు నిలబడి చూడొచ్చు. పూర్తయ్యాక దాన్ని అద్దాల్లో పెట్టొద్దు. ఏడాదికోసారి, సముద్రం నెమ్మదిగా ఉండే రోజుల్లో, నీళ్లలోకి దించి తెడ్డు వేద్దాం. ఆ రోజు భీమిలి నుంచి, పూడిమడక నుంచి, ముత్యాలమ్మపాలెం నుంచి పాత చేతులన్నిటినీ పిలుద్దాం. ఒక ఎర్రకోటు లాంటిది మనమూ పెట్టుకోవచ్చు, రంగు మీరే చెప్పండి.

ఈ పని మీ శాఖదా, మత్స్యశాఖదా అన్న ప్రశ్న వస్తుందని తెలుసు. దయచేసి ఆ ప్రశ్న దగ్గర ఫైలు ఆగనివ్వకండి. మా పడవ పోయింది సరిగ్గా అక్కడే.

వచ్చే నెల రెండో ఆదివారం పొద్దున్న ఆరున్నరకి మేం ఇసుకలోనే ఉంటాం. మీరు రండి. కాన్వాయ్ రోడ్డు మీద ఆపి నడిచి రావాలి, చెప్పులు చేత్తో పట్టుకోవాలి. తాతగారి కుట్టు ఒక వరస చూడాలంటే గంట పడుతుంది, ఆ గంట ఖాళీ పెట్టుకోండి. చెక్కలూ తాడూ మేం తెస్తాం.

ఇట్లు,
పెద్దజాలరిపేట తెడ్డు మిత్రుల తరఫున,
పోర్టులో రిటైరైన ఒక గుమాస్తా,
విశాఖపట్నం