కొలత కాలువ మీద నేర్పించండి: నీటిపారుదల శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ నీటిపారుదల శాఖ మంత్రి గారికి,

నాగార్జునసాగర్ ఎడమ కాలువ హెడ్ రెగ్యులేటర్ (కాలువ మొదట్లో నీళ్లు వదిలే గేట్ల కట్టడం) డిజైన్ ప్రవాహం 11,000 క్యూసెక్కులు. అక్కడ లెక్క పది శాతం తప్పితే 1,100 క్యూసెక్కులు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ కాబట్టి, ఈ తప్పు పదిన్నర రోజుల్లో ఒక టీఎంసీకి చేరుతుంది. ఆరుతడి పంటకైతే అవి సుమారు పది వేల ఎకరాల నీళ్లు. అయినా కాలువ లెక్కల్లో పది శాతం తేడా వస్తే ఎవరూ ఉలిక్కిపడరు.

2023 అక్టోబరు 21న కాళేశ్వరం ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీ పియర్లు (స్తంభాలు) కుంగినప్పుడు దేశమంతా చూసింది. ప్రధాన కాలువ నుంచి చీలే ఉపకాలువలో, అంటే డిస్ట్రిబ్యూటరీలో, లెక్క తప్పడం చివరి ఆయకట్టు రైతుకు తప్ప ఎవరికీ కనిపించదు. ఆ లెక్క సరిదిద్దే పని విశ్వవిద్యాలయాలకు అప్పగించవచ్చు. ఈ లేఖ అందుకే.

సివిల్ బీటెక్ విద్యార్థి హైడ్రాలిక్స్ ల్యాబులో ఏం చేస్తాడో చూడండి. వెంచురీమీటర్, ఆరిఫైస్ మీటర్, నాచ్, పైపు ఘర్షణ, చిన్న ఫ్లూములో హైడ్రాలిక్ జంప్. సగం గదిని పెల్టన్, ఫ్రాన్సిస్ టర్బైన్లు ఆక్రమిస్తాయి, రేపు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) అయ్యాక వాటి దగ్గరకు వెళ్లే అవసరం అతనికి దాదాపు రాదు. నీటి వేగం కొలిచే కరెంట్ మీటర్ పట్టుకుని కాలువ మీద నిలబడకుండానే చాలామంది పట్టా అందుకుంటారు. ఎంటెక్‌లోనూ కంప్యూటర్ మోడల్ ప్రాజెక్టులే ఎక్కువ. మోడల్‌లో వేసే ప్రవాహం అంకె శాఖ రిజిస్టరు నుంచి వస్తుంది. రిజిస్టరులో ఆ అంకెను వేసింది గేజీ, అంటే నీటి మట్టం చూపే కొలబద్ద. ఆ గేజీ ఎంతవరకు నమ్మదగినదో తెలుసుకునే పని మాత్రం ఎవరి సిలబస్‌లోనూ ఉండదు.

గేజీ చెప్పేది మట్టమే, ప్రవాహం కాదు. మట్టాన్ని క్యూసెక్కులుగా మార్చే పట్టిక ఒకప్పటి కాలువకు తయారైనది. సిమెంటు లైనింగ్ కాలువకు మానింగ్ గరుకుదనం అంకెను (కాలువ ఉపరితలం నీటిని ఎంత అడ్డుకుంటుందో చెప్పేది) 0.018గా తీసుకుని డిజైన్ చేస్తాం. లైనింగ్ పగిలి, పూడిక చేరి, గుర్రపుడెక్క, తుంగ పెరిగి అది 0.025 అయితే, అదే అయిదడుగుల గేజీ దగ్గర పారే నీళ్లు 28 శాతం తగ్గుతాయి. రిజిస్టరులో మాత్రం పాత అంకె అలాగే ఉంటుంది.

స్టాండింగ్ వేవ్ ఫ్లూము (ప్రవాహం కొలవడానికి కాలువను ఇరుకుగా చేసి కట్టిన కట్టడం) ఉన్నచోట ఈ బెడద తక్కువ, కానీ అక్కడ తప్పులు వేరు. పియరుకు మళ్లీ రంగేసేటప్పుడు గేజీ సున్నా ఒక సెంటీమీటరు జరిగిందనుకోండి. ఫ్లూముపై నీటి ఎత్తు 40 సెం.మీ. ఉన్నప్పుడు ప్రవాహంలో నాలుగు శాతం దాకా తేడా పడుతుంది, ఎందుకంటే ప్రవాహం ఎత్తుకు ఒకటిన్నర ఘాతంలో పెరుగుతుంది. దిగువన పూడిక చేరి ఫ్లూము మునిగితే పట్టిక మొత్తానికే పనికిరాదు. కాలువకు అడ్డంగా గేట్లుండే క్రాస్ రెగ్యులేటర్‌కు ఎగువన దగ్గరలో గేజీ పెడితే, కింద గేటు దించినప్పుడల్లా నీరు వెనక్కి ఎక్కి మట్టం పెరుగుతుంది. ప్రవాహం తగ్గుతున్నా గేజీ పెరిగినట్టే చూపిస్తుంది. అలాంటిచోట రెండు గేజీలు కావాలి, లేదా కొలత కేంద్రాన్ని డ్రాప్ (కాలువ అడుగు మెట్టులా దిగేచోటు) దగ్గరకు మార్చాలి.

టెలిమెట్రీ పెడితే ఇవన్నీ తీరిపోతాయని అనుకుంటున్నారు. మట్టం కొలిచే సెన్సర్ పెట్టినచోట అది పాత తప్పునే పదిహేను నిమిషాలకోసారి హైదరాబాదుకు పంపుతుంది.

మేం కోరేది ఇది. సాగర్ ఎడమ కాలువ, శ్రీరాంసాగర్ కాకతీయ కాలువల కింద, ముందుగా 100 నుంచి 300 క్యూసెక్కుల డిస్ట్రిబ్యూటరీలు ఎనిమిది ఎంచి, ఒక్కోదాన్ని ఒక్కో ఇంజనీరింగ్ కళాశాలకు మూడేళ్లపాటు అప్పగించండి. జేఎన్‌టీయూ హైదరాబాద్‌లోని జల వనరుల కేంద్రం, ఉస్మానియా సివిల్ విభాగం, వరంగల్ ఎన్ఐటీ ఈ పనిని సమన్వయం చేయగలవు. ఒక్కో డిస్ట్రిబ్యూటరీపై మొదట్లో, మధ్యలో, చివర కలిపి అయిదు కొలత కేంద్రాలు చాలు. ప్రతి కేంద్రంలో కనిష్ఠ ప్రవాహం నుంచి పూర్తి ప్రవాహం దాకా కనీసం పన్నెండు కొలతలు ఉండాలి. అన్నీ నిండు కాలువ మీదే తీస్తే పట్టిక కింది భాగం ఊహే అవుతుంది, వారబందీలో (వంతులవారీగా నీళ్లిచ్చేటప్పుడు) అవసరమయ్యేది సరిగ్గా ఆ భాగమే.

ఒక్కో కొలతకు కాలువ వెడల్పును ఇరవై నిలువు రేఖలుగా విభజించాలి, ఏ ఒక్క భాగంలోనూ మొత్తం ప్రవాహంలో పది శాతానికి మించకుండా. లోతు తక్కువున్నచోట ఉపరితలం నుంచి 0.6 లోతులో వేగం చూడాలి, ఎక్కువున్నచోట 0.2, 0.8 లోతుల్లో చూసి సగటు తీయాలి. ఒక్కో బిందువు దగ్గర కరెంట్ మీటరు నిమిషం సేపు తిరగాలి. మొత్తం గంటన్నర పని. ఆ గంటన్నరలో పైన ఎవరూ గేటు ముట్టకూడదు, అందుకే గేట్లు తిప్పే లష్కర్‌కు ముందురోజే చెప్పి ఉంచాలి. మధ్యలో గేజీ రెండు సెంటీమీటర్లకు మించి కదిలితే ఆ కొలత కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాలి. లోతు మీటర్లలో, వేగం సెకనుకు మీటర్లలో తీసి గుణిస్తే 0.9 దాటినచోట విద్యార్థిని నీళ్లలోకి దించకూడదు. కొలత కాలిబాట వంతెన మీద నుంచే చేయాలి, లైఫ్ జాకెట్ తప్పనిసరి. మీటరు కప్పులు వంగితే లెక్కంతా పోతుంది కాబట్టి పుణె దగ్గర ఖడక్వాస్లాలోని కేంద్ర సంస్థ లాంటి చోట ట్యాంకులో లాగించి, క్రమం తప్పక రేటింగ్ (మీటరు తిరిగే లెక్కకు నీటి వేగం ఎంతో సరిచూడటం) చేయించాలి. ధ్వని తరంగాలతో కొలిచే డాప్లర్ పరికరం నాలుగు కళాశాలలకు ఒకటి చాలు. అడుగునా, ఉపరితలం దగ్గరా దానికి వేగం కనిపించదు, లోతు తక్కువున్న పిల్లకాలువల్లో (మైనర్లలో) అది పనికిరాదు.

ఊట నష్టం (కాలువ అడుగు, గట్ల గుండా ఇంకిపోయే నీరు) సంగతి కాస్త వివరంగా చెప్పాలి, పరిశోధన పేరుతో ఎక్కువగా తప్పేది ఇక్కడే. పైన 100 క్యూసెక్కులు, పది కిలోమీటర్ల కింద 92, కాబట్టి నష్టం 8 అని రాస్తారు. రెండు కొలతల్లోనూ అయిదేసి శాతం తప్పుకు అవకాశం ఉంటే, ఆ 8లోనే సుమారు 7 క్యూసెక్కుల అనిశ్చితి ఉంది. గట్టు మీది మోటార్లు తోడేది దీనికి అదనం. అలాంటి థీసిస్‌తో లైనింగ్ ఎక్కడ వేయాలో నిర్ణయించలేం.

కాలువలకు నీళ్లు ఆపేశాక చెరువు పరీక్ష చేయించండి. 200 మీటర్ల ముక్కకు రెండు వైపులా ఇసుక బస్తాలు, పాలిథిన్ షీటుతో అడ్డుకట్టలు వేసి నీరు నింపాలి. అడ్డుకట్ట నుంచి కారే నీరు లెక్కను చెడగొట్టకుండా అవతల కూడా అదే మట్టంలో నీరు నిలపాలి. ఎండిన గట్లు తాగే మొదటి రోజు వదిలేసి, తర్వాతి 48 గంటల్లో మట్టం ఎంత దిగిందో చూసి, ఆవిరిని తీసేయాలి. డిజైన్‌లో వాడే అంకె పది లక్షల చదరపు అడుగులకు మట్టి కాలువకు 8 క్యూసెక్కులు, లైనింగ్ కాలువకు 2. అంటే రోజుకు దాదాపు 21 సెం.మీ., 5 సెం.మీ. దిగుడు. లైనింగ్ ముక్కలో 15 సెం.మీ. దిగితే ఆ లైనింగ్ పేరుకే ఉన్నట్టు. నిలిచిన నీటిలో ఒండ్రు పేరుకుని రంధ్రాలు మూసుకుంటాయి కాబట్టి పారే కాలువలో నష్టం ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది. ఈ మాట నివేదికలో ఉండాలి.

రాజేంద్రనగర్‌లోని నీటి, భూమి యాజమాన్య శిక్షణ సంస్థ వాలంతరిలో లష్కర్లకు, వర్క్ ఇన్‌స్పెక్టర్లకు మూడు రోజుల శిక్షణ పెట్టి, అందులో రెండు రోజులు కాలువ మీదే జరపండి. లష్కర్ భాష క్యూసెక్కులు కాదు, గేటు తిప్పే చుట్లు. విద్యార్థుల కొలతల నుంచి ప్రతి తూముకు ఒక తెలుగు పట్టిక తయారుకావాలి: ఎగువ మట్టం ఇంత, చుట్లు ఇన్ని, నీళ్లు ఇన్ని. దిగువన నీరు ఎక్కి తూము మునిగినప్పటికి వేరే వరుస ఉండాలి. పట్టిక రేకు మీద రాయించి గేటు దగ్గర బిగించండి, కాగితం ఒక్క వానకు పోతుంది.

ఇందుకు ఒకే ఒక్క శాశ్వత జీఓ కావాలి. ఇప్పుడు విద్యార్థి కాలువ మీదకు వెళ్లాలంటే ఫైలు ఏఈ నుంచి సీఈ (చీఫ్ ఇంజనీర్) దాకా ఎక్కి దిగేసరికి వానాకాలం నీళ్లు ఆగిపోతాయి. ఎంటెక్ ప్రాజెక్టు మూడో సెమిస్టర్‌లో మొదలవుతుంది, అదే కాలువలు పారే కాలం. ఆ నాలుగు నెలలు కార్యాలయాల్లో పోతే ఏడాది పోయినట్టే.

ఆ జీఓలో ఇంకో వాక్యం చేర్చండి. విద్యార్థుల కొలత రిజిస్టరుతో తేడా వచ్చినందుకు మొదటి రెండు సీజన్లలో ఏ లష్కర్ మీదా, ఏ ఏఈ మీదా చర్య ఉండదని. అది లేకపోతే కొలత తీసే రోజున గేటు సర్దేస్తారు, మూడేళ్ల తర్వాత మన చేతికి వచ్చేవి కొత్త కాగితం మీద పాత అంకెలే.

ఇట్లు,
కొందరు విశ్రాంత నీటిపారుదల ఇంజనీర్లు, హైడ్రాలిక్స్ అధ్యాపకులు