పిల్లల డాక్యుమెంటరీల్లో పొరుగువారి గొంతు ఏది?
ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల బడుల్లో విద్యార్థులు తీస్తున్న డాక్యుమెంటరీలు పొరుగువారి బతుకును అర్థం చేయించడం లేదు, జాలి మాత్రమే పుట్టిస్తున్నాయి. సవర గిరిజన కూలీ మహిళ మీద వీడియో తీస్తారు. అందులో ఆమె మాట ఒక్కటీ ఉండదు. తెలుగులోనో ఒడియాలోనో వ్యాఖ్యానం, వెనక ఏడుపు సంగీతం. దీనికి చాలావరకు కారణం ధ్వనే. పది అడుగుల దూరంలో ఫోన్ పట్టుకుంటే గాలి హోరు తప్ప మాట పడదు, ఆ లోటు కప్పడానికే సంగీతం. రెండో ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మాట్లాడేవారి నోటికి జానెడు దూరంలో ఉంచి, వాయిస్ రికార్డర్ నడిపితే చాలు. మొదట్లో ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొడితే తర్వాత బొమ్మనూ శబ్దాన్నీ జత చేయడం తేలిక. ఆమె సవరలోనే మాట్లాడాలి, కింద తెలుగు, ఒడియా అనువాదం అక్షరాల్లో వేయాలి. ఆ భాష కోసం గిడుగు రామమూర్తి ఏళ్ల తరబడి శ్రమించిన గడ్డ ఇది. ఇక చూసేవారే దారి ఎంచుకునే ఇంటరాక్టివ్ వీడియోలో వరసగా మూడు చోట్ల రెండేసి దారులు పెడితే 8 ముగింపులు తీయాలి. పిల్లలు అక్కడే చతికిలపడుతున్నారు. ఒకే మలుపు, రెండు దారులు, మళ్లీ ఒకే సన్నివేశంలో కలయిక సరిపోతుంది. స్లైడులు తయారుచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్ ఇంప్రెస్‌లో, ఆ స్లైడుల్లో వీడియోలు పెట్టి బటన్లకు లింకులిస్తే నెట్ లేకుండానే నడుస్తుంది. ప్రతి బ్లాకులో ఇద్దరు ఉపాధ్యాయులకు రెండు రోజుల శిక్షణ, రెండు కాలర్ మైకులు విద్యాశాఖ ఇవ్వాలి. మొదటి ప్రదర్శన బడిలో కాదు, చిత్రంలో మాట్లాడిన మనిషి ఇంటి ముందు వేయాలి. ఆమె వద్దన్న ముక్క తీసేయాలి.
– ఒక ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి