పిల్లల చేతికే మట్టి

అక్కా,

మొన్న ఫోన్‌లో మన మాట సగంలో ఆగిపోయింది. స్కూలు వెనక ఖాళీ జాగాలో తోట వేయిద్దామని నీకుంది. సిలబస్ అవ్వక టెన్షన్ పడుతుంటే ఇదొకటా అని తోటి టీచర్లు అంటున్నారన్నావు. పాప వాళ్ళ బడితోటలో రెండేళ్ళుగా నేనూ సాయానికి వెళ్తున్నాను కదా, చూసింది చూసినట్టు రాస్తున్నాను.

ముందు ఒక్క మాట. తోట పిల్లల చేతే వేయించు. తోటమాలి పెంచిన పూలమొక్కలు, వాటి ముందు ముట్టుకోవద్దని బోర్డు... అది బడికి అందమే గానీ పిల్లలకు ఒరిగేదేమీ లేదు. ఇక్కడ ఇద్దరిద్దరు పిల్లలకు కలిపి ఒక మడి, చాపంత. తవ్వడం, నాటడం, కలుపు తీయడం అన్నీ వాళ్ళ పనే. ఫ్రోబెల్ అనే ఆయన 1840లో జర్మనీలో తన చిన్నపిల్లల బడికి 'కిండర్‌గార్టెన్' అని పేరు పెట్టాడు. పిల్లల తోట అని అర్థం. ఏదో పోలిక కోసం పెట్టిన పేరనుకునేదాన్ని. ఆయన నిజంగానే పిల్లలకు తలా ఒక మడి ఉండాలన్నాడు.

పాప చిక్కుడు గింజ నాటింది. మూడో రోజే మట్టి కెలికి చూడబోతే వాళ్ళ టీచర్ చెయ్యి పట్టుకుని ఆపింది. ఎనిమిదో రోజు మట్టి సన్నగా పగిలింది. మొలక తల కిందికి వంచుకుని, మెడతో మట్టిని తోసుకుంటూ వంకీలా పైకొచ్చింది. పాప గొంతుక్కూర్చుని కదలకుండా చూసింది. "అమ్మా, తలకి దెబ్బ తగలకుండా మెడతో వస్తోంది" అంది. పుస్తకంలో మొలక బొమ్మకి భాగాలు రాయమంటే ఏడ్చిన పిల్లే ఇది!

సిలబస్ అంటున్నారు కదా, తోటలో దొరికేది అదే. గుమ్మడి పాదుకి మొదట అన్నీ మగపూలే పూశాయి. కాయ లేకుండా రాలిపోతుంటే పిల్లలు బెంగపెట్టుకున్నారు. కొన్నాళ్ళకి కింద గోలీకాయంత పిందె ఉన్న పువ్వు కనిపించింది. అదే ఆడపువ్వని, తేనెటీగ రెండింటి మీదా వాలితేనే ఆ పిందె నిలుస్తుందని వాళ్ళంతట వాళ్ళే తేల్చారు. ఇక పరాగసంపర్కం గురించి బట్టీ పట్టించాల్సిన పనేముంది? తీగ ఎంత పెరిగిందో రోజూ స్కేలుతో కొలిచి గ్రాఫ్ గీస్తారు, లెక్కలూ అయిపోతాయి.

క్లాసు టైము పోతుందనే వాళ్ళకి ఇంకొకటి చెప్పు. చైనాలోని గ్వాంగ్జౌలో ఒకటో తరగతి పిల్లల్ని కొన్ని బళ్ళలో రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట ఉంచారు. మూడేళ్ళలో ఆ బళ్ళలో 30.4 శాతం మందికి హ్రస్వదృష్టి, అంటే దూరంగా ఉన్నవి మసగ్గా కనబడే లోపం, వచ్చింది, మామూలు బళ్ళలో 39.5 శాతం మందికి. 2015లో అచ్చయిన అధ్యయనం ఇది. అక్కడ తోటపని చేయించలేదు, బయట ఉంచారంతే. అయినా బయటికి వచ్చిన పిల్లలకు చేతిలో ఒక పని ఉండొద్దూ!

తిండి సంగతి నీకు తెలిసిందే. పాప క్లాసులో ఆకుపచ్చగా ఉన్నదేదీ నోట పెట్టని పిల్లాడు ఒకడు తన మడిలో బఠానీకాయ ఒలుచుకుని అక్కడే తిన్నాడు. అందరూ అలా మారిపోతారని చెప్పను. పండించినదాన్ని పిల్లలే కడిగి, తరిగి, వండితే ఇంకా బాగుంటుంది. అమెరికాలో బర్క్‌లీలోని ఒక బడిలో 1995లో ఆలిస్ వాటర్స్ అనే వంటావిడ తోటతోపాటు వంటగదిని కూడా పాఠంలో కలిపింది.

నాకు అన్నిటికన్నా గుర్తుండిపోయింది ఇంకో అబ్బాయి. క్లాసులో నోరు విప్పేవాడు కాదు. వానపాము దొరికితే తడి అరచేతిలో పెట్టుకుని, "ఎండలో పెట్టకండి, దానికి చర్మంతోనే ఊపిరి" అని అందరికీ చెప్పాడు. అప్పట్నుంచి ఏ పురుగు కనబడినా పిల్లలు వాడి దగ్గరికే పరిగెత్తేవాళ్ళు.

తప్పులూ జరిగాయి. పోయిన ఏడాది సెలవుల్లో నీళ్ళెవరు పోయాలో ఎవరమూ అనుకోలేదు. తిరిగొచ్చేసరికి టమాటా మొక్కలన్నీ ఎండిపోయి ఉన్నాయి. పాప ఆ రోజు అన్నం తినలేదు. అందుకే వంతులు ముందే రాసి గోడకి అంటించు. మొదటి పంటకి ముల్లంగి వేయి, నెల తిరిగేసరికి చేతికొస్తుంది, పిల్లలకి ఓపిక అందాకా ఆగుతుంది. మందులు కొట్టించకు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడిగించు.

కూరగాయలకి రోజుకి ఆరు గంటలైనా ఎండ కావాలి. ఒకరోజు పిల్లల చేత గంటగంటకీ నీడ ఎక్కడిదాకా వస్తోందో సుద్దతో గీయించి ఫొటో పంపు. పాప కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చుంది, పెద్దమ్మ స్కూలుకి మళ్ళు తనే గీస్తుందట.

నీ చెల్లి